తుడవని జాగా

మా సారు పోయారు. మంగళవారం పొద్దున డోర్నకల్ ప్యాసింజర్ దిగి సెంటర్‌కు వచ్చేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురొచ్చాడు. "పెద్దసారు పాయె మేడం. తెల్లారంగ దవాఖానల పానం పోయింది" అన్నాడు. "ఏ సారు?" అని అడిగాను. నాకు తెలియక కాదు, ఇంకెవరి పేరైనా చెప్తాడేమోనన్న పాపిష్టి ఆశ.

మా కంప్యూటర్ సెంటర్ గురించి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. అక్కడున్నది ఒకటే పెద్ద మిషన్, దానికి పన్నెండు టెర్మినళ్లు. ఏ టెర్మినల్ ముందు కూర్చున్నవారికి ఆ మిషన్ మొత్తం తమ ఒక్కరిదే అన్నట్టు కనిపిస్తుంది. ఈ కుర్చీలో నర్సంపేట మార్కెట్ వాళ్లు పత్తి రకాల వివరాలు ఎక్కిస్తుంటారు, పక్క కుర్చీలో పరీక్షల విభాగం వాళ్లు ప్రశ్నపత్రాలు తయారుచేస్తుంటారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకూడదు. మధ్యనున్న ఆ కనపడని గోడల్ని కాపాడటమే సారు పని.

సారుది కాశిబుగ్గలో మగ్గాల ఇల్లు. నేను ఎనభైల మొదట్లో టెంపరరీ ఆపరేటర్‌గా చేరిన రోజే ఆ ఇంటితో పోల్చి ఈ గోడల సంగతి చెప్పారు. "మా ఇంట్ల నాలుగు కాపురాలు బిడ్డా. నడుమ గోడలున్నయ్ గని కప్పు దాక లెవ్వు. ఇటు దగ్గితె అటు వినవడ్తది. ఈ మిషన్ గూడ గంతే. గోడ ఉన్నదని నిమ్మలంగ ఉండకు."

ఆయన అలవాట్లు మాకు నవ్వులాట. క్లాసు చెప్పాక బోర్డును తడిబట్టతో రెండుసార్లు తుడిచేవారు. అంతటితో వదలక, వంగి కిటికీ వెలుతురులో ఏటవాలుగా చూసేవారు, అక్షరం జాడ ఏమైనా మిగిలిందేమోనని. శుభలేఖ ఇచ్చినా చదివి చింపేస్తారని వెనక వేళాకోళం చేసేవాళ్లం. ఒకసారి ఆ మాట ఆయన చెవిన పడింది. "చింపుత. చింపకేం జేస్త?" అని తనూ నవ్వారు.

మిషన్‌లోనూ అదే పద్ధతి. ఒకరి పని అయ్యాక, మిషన్ లోపల వాళ్ల వివరాలు దాచిన జాగాను ఇంకొకరికి ఇచ్చేముందు మొత్తం సున్నాలతో నింపి తుడవాలనేవారు. దానికి అరగంట పట్టేది. బయట బెంచీల మీద జనం విసుక్కునేవారు. చివరికి పైనుంచి ఆర్డరొచ్చింది, తుడవడం ఆపండి, ఖాళీ అని గుర్తు పెడితే చాలునని. సారు వద్దంటూ మూడు ఉత్తరాలు రాశారు. ఒక్కదానికీ జవాబు లేదు. "ఖాళీ అని రాస్తె ఖాళీ అయితదా?" అని ఆ వారమంతా తనలో తనే అనుకుంటూ తిరిగారు.

నెల తిరక్కుండా అది నా నెత్తిన పడింది. ఒక మధ్యాహ్నం కొత్త జాగా తీసుకుని, అందులో ఏమున్నదో ప్రింటు కొట్టించాను. ఏమీ ఉండకూడదు. కాగితం మీద వరసగా ప్రశ్నలు వచ్చాయి. ఇంకా జరగని డిగ్రీ పరీక్షవి. గుట్టుగా చింపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. నేను తిన్నగా సారు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆఖరి లైను దాకా చదివారు.

"మంచిపని జేసినవ్" అన్నారు. కాగితం బల్ల మీద పెట్టి, "గని నీకు కష్టమొస్తది" అన్నారు.

వచ్చింది. సారు సంగతి పైకి రాస్తే, ప్రశ్నలు నేనే దొంగిలించానని ముగ్గురు పెద్దలతో కమిటీ వేశారు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను, కానీ దొంగ అన్న పేరు మోసుకుని మా ఊరు డోర్నకల్ స్టేషన్‌లో ఎలా దిగాలి? విచారణ రోజు టెర్మినళ్ల గదిలోనే నన్ను నిలబెట్టే ఉంచారు, కుర్చీ కూడా చూపలేదు.

"వేరేవాళ్ల జాగలకు నువ్వెట్ల పోయినవమ్మా? ఎవరు నేర్పిన్రు?" అని చైర్మన్ అడిగారు.

"ఆమె ఎటూ పోలే సార్. మిషనే తెచ్చి చేతుల వెట్టింది" అన్నారు సారు.

"రుజువేది?"

"ఏ టెర్మినలో మీరే చెప్పున్రి."

చైర్మన్ చివరి టెర్మినల్ చూపించారు. సారు మామూలు మనిషిలా దాని ముందు కూర్చుని, కొత్త జాగా అడిగి, ప్రింటు కొట్టారు. మొదట పిచ్చి గీతలు, తెగిపోయిన ముక్కలు వచ్చాయి. తర్వాత ఇంగ్లీషులో, అన్నీ పెద్దక్షరాల్లో, తేటగా వాక్యాలు మొదలయ్యాయి. చైర్మన్ వంగి చదవబోయి ఆగిపోయారు. నేనూ చదివాను. నా మీద రిపోర్టు అది. ఆ పొద్దున్నే మా సెంటర్‌లోనే టైపు చేయించారు. విచారణలో నేరం రుజువైంది కనుక ఆపరేటర్‌ను తొలగించాలని ఉంది. విచారణ మొదలై అప్పటికి పావుగంట కూడా కాలేదు.

సారు ప్రింటర్ నుంచి కాగితం చింపి తీసి రెండు చేతులతో చైర్మన్‌కు అందించారు. "ఇది గూడ ఆమెనే దొంగతనం జేసిందా సార్?"

నా ఉద్యోగం నిలిచింది. తుడవడం మళ్లీ మొదలైంది. గెలిచామనుకుని నేను స్వీటు ప్యాకెట్ తెచ్చాను. సారు ముట్టలేదు.

"నువ్వొచ్చి చెప్పినవ్ గాబట్టి ఒక్కటి తెలిసింది. నీకంటె ముందుగాల ఎవలెవలకు ఏమేం దొరికినయో! నిన్ను నిలవెట్టి అడిగిన తీరు అందరు చూసిన్రు బిడ్డా. ఇగ ఎవలొస్తరు చెప్పనీకి?"

అప్పటి నుంచి రోజూ సాయంత్రం "ఎవలన్న ఏమన్న చెప్పిన్రా?" అని అడిగేవారు. లేదంటే మొహం ఇంకా చిన్నబోయేది. రిటైరయ్యాక చూడబోయినా అదే ప్రశ్న. దవాఖానలో ఆఖరుసారి గొంతు సరిగా పెగలకపోయినా అదే అడిగారు. అప్పటికి సెంటర్‌లో అరగంట తుడిచే పనిని అయిదు నిమిషాలకు కుదించారు, మిగతా జాగా తుడవకుండానే ఇచ్చేస్తున్నారు. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను.

నన్ను దొంగ కాకుండా కాపాడిన మనిషి ఆయన. ఆ మాట ఆయన ఎదురుగా ఉండగా ఒక్కసారైనా చెప్పలేదు. చెప్పాల్సింది.

నిన్న సంతాప సభ అయ్యాక టెర్మినళ్ల గదిలోకి వెళ్లాను. పన్నెండు కుర్చీలూ నిండి ఉన్నాయి. అందరూ తలలు వంచుకుని పనిచేసుకుంటున్నారు. ఒకతను మాత్రం ప్రింటర్ దగ్గర నిలబడి, చేతిలో కాగితాన్ని కదలకుండా చదువుతున్నాడు. దగ్గరికి వెళ్లి, "ఏమన్న వచ్చిందా తమ్మీ?" అని అడిగాను.

ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదు మేడం. ఖాళీ కాగితం."

ఆ ఖాళీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో దోపుకుని, గుండీ పెట్టుకున్నాడు.