చిన్నసుబ్బమ్మ చెలమ

మాది పెన్న ఒడ్డున మామిళ్ళరేవు. ఇప్పుడు చూస్తే అంతా కంపచెట్లే గానీ, ఒకప్పుడు ఆడ ఏటి ఇసుకలో గొర్రెల సంత జరిగితే కాలు పెట్టే సందుండేది కాదప్పా! పులివెందుల పక్కనుంచి మందలు, ప్రొద్దుటూరు నుంచి కటికోళ్ళు, జమ్మలమడుగు నుంచి గుడ్డల యాపారులు. ఒడ్డున గుడారాలు పోయి కొట్లు లేసినాయి, కొట్లు పోయి మిద్దెలు లేసినాయి. నేనూ ఆడ గొర్రెల దళారీగా బతికినోణ్ణే.

అంత సంతకూ నీళ్ళు పోసింది ఒక్క ఆడమనిషి, గొర్లు కాసే ఇంటి కోడలు చిన్నసుబ్బమ్మ. సంతనాడు తెల్లారకముందే ఇసుకలో చెలమ తోడేది. మా ఊర్లో తూర్పోళ్ళు, పడమటోళ్ళు అని రెండు పార్టీలు, ఒకరింటి నీళ్ళు ఇంకొకరు ముట్టరు. ఆయమ్మ ఏ పార్టీ కాదు గాబట్టి అందరూ ఆడికే వచ్చి దోసిలి పట్టేటోళ్ళు. ఆయమ్మ ఒక పక్కకు ఒరిగితే సంత చెదిరిపోతాదని అందరికీ తెలుసు.

అట్లాంటిది, ఎలక్షన్లప్పుడు ఆమె కొడుకు సంజీవయ్యను పడమటి పార్టీ ఓబులేసు నరికినాడు. పిల్లోడు తూర్పోళ్ళ జీపెక్కి వచ్చినాడు, అంతే పాపం.

బెయిలు మీదొచ్చిన ఓబులేసు నేరుగా సంతకొచ్చి చెలమకాడ దోసిలి పట్టినాడు. ఎంత పొగరో! దోసిలి పట్టాలంటే తల వంచాల్సిందే గదా. వాని మెడ ఆమె ముందర, పక్కనే చెలమ తోడిన పార. తూర్పోళ్ళు పంచెలు ఎగ్గట్టి చూస్తాండ్రి. నా పైప్రాణాలు పైనే పోయినాయి.

ఆమె ముంత ముంచి పోసింది. "కడుపు నిండా తాగప్పా" అనింది. ఓబులేసు తలెత్తలేకపోయినాడు. అమ్మా తల్లీ! అంత గుండె నేను యాడా చూడలేదు.

"ఎట్ల పోస్తివి చిన్నమ్మా?" అని తర్వాత అడిగితిని.

"సంత పోతే ఇంతమంది యాడ బతుకుతారప్పా?" అనింది.

కొన్నేండ్లకు రెండు పార్టీల పెద్దలూ ఒకే కండువా కప్పుకొని కౌగిలించుకున్నారు. మేమంతా పటాకులు కాల్చినాం, ఏం తెలివో మాది! వెంటనే ఇద్దరూ కలిసి ఏట్లో ఇసుక తోలించడం మొదలుపెట్టినారు. లారీలే లారీలు. కొట్లాటలకు పోని సంత వాళ్ళ రాజీకి పోయింది. ఇసుక ఎనకాలే నీళ్ళు పోయినాయి, మందలు రాకపాయె, కొట్లు మూతబడె.

ఆఖరి సంతనాడు ఆమె నిలువు లోతు తోడింది. తడి తగల్లేదు. నేను చెయ్యి అందిచ్చి పైకి లాగితే, ఒడ్డున కూలబడి గట్టిగా ఏడ్చింది. కొడుకు పీనుగ ముందర గూడా అట్ల ఏడవలేదు.

"సంజీవా, నిన్ను సంపినోనికి నీళ్ళు పోసింది ఈ సంత కోసరమే గదరా! అదీ మిగల్చకపాయిరి నాయనా!"