బ్యాటరీ సాయిబు గారి హోంవర్కు

ఈ రోజు బుధవారం. మా బ్యాటరీ సాయిబు గారు మొన్న సోమవారం ఉదయం పోయారు. అప్పటి నుంచి వీధిలో అందరూ "మంచివాడు" అంటున్నారు. అంతటితో ఆపితే అన్యాయం. ఆయన కోపిష్టి కూడా. ఆ సంగతి ఎవరో ఒకరు రాసి ఉంచాలి కనుక నేను రాస్తున్నాను.

మా వారికి వారానికి రెండుసార్లు విశాఖలో డయాలసిస్. ఉదయం ఏడింటికి మంచం ఇస్తారు. ఆలస్యమైతే ఆ మంచం మరొకరిది. కారు నేనే నడుపుతాను. అది స్టార్ట్ కావడం మాకు సౌకర్యం కాదు, ఆయన ప్రాణం.

ఒక దసరాకి ఆయుధపూజ చేశాను. ఏ పనైనా సగం చేయడం నాకు నచ్చదు. బానెట్ ఎత్తి, బ్యాటరీ క్లాంపులు విప్పి, రెండు టెర్మినళ్లకూ తడి పసుపు దళసరిగా పూసి, మళ్లీ గట్టిగా బిగించాను. మర్నాడు తెల్లవారి తాళం తిప్పితే టక్కుమంది, అంతే. మా వారు వెనక సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఫోన్ చేస్తే సాయిబు గారు లుంగీతోనే సైకిలెక్కి వచ్చారు. బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూశారు.

"ఏటి పంతులమ్మగారూ, దీనికి పెళ్లేటి?"

"పండగ కదా సాయిబు గారూ."

"పండగైతే బండి మొహానికి బొట్టెట్టండి. నోట్లో పసుపు కుక్కితే అదేటి తింతాది? ఇన్నేళ్లు పిల్లలకి లెక్కలు సెప్పేరు, కరెంటుకి దారుండాలని తెలీదా?"

వెనక సీట్లోంచి మా వారు, "ఇంకో నాలుగు సెప్పండి సాయిబు గారూ, ఈ అవకాశం మళ్లీ రాదు" అన్నారు.

పసుపు కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది బిగించారు. ఏడింటికి ఐదు నిమిషాల ముందు ఆసుపత్రి చేరాం.

ఆ వారమే నా చేత మీటరు కొనిపించారు. ఇంజను ఆపి ఉంటే పన్నెండున్నర వోల్టులు, నడుస్తుంటే పద్నాలుగు దరిదాపుల్లో ఉండాలి. ప్రతి ఆదివారం చూసి, నోటుబుక్కులో రాసి, ఆయనకు చూపించాలి. ఒక వారం రాయలేదు. "హోంవర్కేదీ?" అని తన బ్యాటరీ షాపు గుమ్మంలోనే నిలబెట్టారు. డెబ్బై రెండేళ్లదాన్ని!

"బేటరీ సచ్చిపోయిందని ముందే ఏడవకండి. దానికి అన్నం పెట్టేవోడు పెడతన్నాడో లేదో సూడండి" అనేవారు. అన్నం పెట్టేవాడంటే ఇంజను బెల్టుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్.

నిన్న కారు నీరసంగా స్టార్టయింది. ఇంజను నడుస్తున్నా మీటరు పన్నెండు దాటలేదు. డయాలసిస్ రేపే. పక్క వీధి మెకానిక్కు వచ్చి, "కొత్త బేటరీ ఎయ్యాలమ్మా" అన్నాడు.

"ముందు బెల్టు చూడు నాయనా" అన్నాను.

బెల్టు వదులైంది. బిగించాక మీటరు పద్నాలుగు చూపింది. ఆ అంకె చెబుదామని ఫోన్ తీశాను. సగం నంబరు నొక్కాక గుర్తొచ్చింది.

ఇక మన వీధిలో జరగవలసినవి:

1. రేపు ఉదయం ఐదున్నరకు మేము బయలుదేరాలి. మా గేటుకు అడ్డంగా ఎవరూ బండి పెట్టకూడదు.

2. సాయిబు గారి షాపులో ఛార్జింగుకు ఇచ్చిన బ్యాటరీలు పదకొండు ఉన్నాయి. ఎవరివి వారు శనివారంలోగా తీసుకెళ్లాలి. ఆయన భార్య షట్టరు తెరుస్తారు.

3. ఒక్కొక్క దాని మీద మన పేర్లు ఆయన సుద్దముక్కతో రాశారు. తడిచేత్తో పట్టుకోవద్దు, చెరిగిపోతాయి.