నాయన డిజైన్లు, నా సీడీ రైటర్

మా నాయన ధర్మవరంలో పట్టుచీరల కొంగులకు డిజైన్లు గీసేవాడు. గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు నింపాలి. ఒక్క కొంగుకు నెల పట్టేది. ఆయనకు చూపు తగ్గుతున్న రోజుల్లో ఒక షావుకారు, డిజైన్లన్నీ సీడీలో తెస్తే చూసి, నచ్చితే ఇకమీద పనంతా నాయనకే ఇస్తానన్నాడు. అంగడి అంగడికీ తిరిగి పని అడుక్కునే బాధ తప్పుతుందని నాయన ఆశపడ్డాడు.

నేను పాలిటెక్నిక్ ముగించి ఇంట్లో ఉన్నాను. నాయన దగ్గరున్న పదకొండు గ్రాఫులూ స్కాన్ చేసి మా లినక్స్ కంప్యూటర్లో పెట్టాను. దానికి తగిలించిన పాత సీడీ రైటర్ సీడీలు చదివేది గానీ రాసేది కాదు. హార్డ్ డిస్కు కూడా పాడవుతూ టకటకమని కొట్టుకుంటోంది. వారంటీ తీరేలోపు తెస్తే డిస్కు మార్చి ఇస్తానని హిందూపురంలో అమ్మినాయన చెప్పాడు.

చేయాల్సినవి నోటుబుక్కులో వరసగా రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయాను. కేబుల్ మార్చాను. రైటర్ వెనక జంపర్ అనే చిన్న బిళ్లను సరిచేశాను. కంప్యూటర్ మొదలవుతూ చదివే బూట్ లైనులో రైటర్ కోసం ఒక మాట చేర్చాక సిస్టమ్ దాన్ని గుర్తుపట్టింది. రాయబోతే సగంలో ఆగి రెండు సీడీలు పాడయ్యాయి. అందుకని ఆదేశంలో డమ్మీ అన్న మాట చేర్చి, ఉత్తుత్తిగా రాసే పద్ధతి పెట్టాను. అందులో సీడీ తిరుగుతుంది, శాతాలు పెరుగుతాయి, లేజర్ మాత్రం రాయదు. వేగం తగ్గించాక అది చివరిదాకా సాఫీగా నడిచింది. అసలు సీడీ పెట్టి, పైబాణం మీటతో అదే ఆదేశాన్ని మళ్లీ పిలిచి, ఎంటర్ కొట్టాను. డమ్మీ అన్న మాట తీసేయలేదు. నూరు శాతం వచ్చింది.

“అన్నీ దాంట్లోకి పొయినట్టేనా?” అని నాయన అడిగాడు. పోయాయన్నాను.

డిజైన్ చేయి దాటాక గ్రాఫు ఇంట్లో ఉంచడం ఆయనకు గిట్టదు. ఎవరో ఒకరు చూసిపోతే, వారం తిరిగేసరికి అదే కొంగు ఇంకొకరి మగ్గం మీద ఉంటుంది. పదకొండింటినీ నీళ్ల పొయ్యిలో పెట్టి కాల్చేశాడు. నాకూ అదే భయం. హిందూపురంలో ఎవరైనా డిస్కు తెరిచి చూస్తారని దాని నిండా సున్నాలు రాసి అంతా చెరిపేసి, పెనుకొండ మీదుగా పోయే ప్యాసింజరులో తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను.

మరుసటి రోజు షావుకారు అంగట్లో గుమాస్తా సీడీని రెండుసార్లు పెట్టి తీశాడు. వెలుతురుకు తిప్పి చూశాడు.

“ఏమప్పా, అద్దం తెచ్చినారే. మొగం బాగా కనపడతాండాది.”

అంగట్లో అందరూ నవ్వారు. ఎక్కడో పొరపాటు జరిగిందని, కొంచెం టైమిస్తే మళ్లీ గీసి తెస్తానని నాయన షావుకారును బతిమాలాడు. షావుకారు ఆ మాట వింటూనే వేరే బేరంలోకి పోయాడు.

తిరిగొచ్చే దారిలో ఏం తప్పు జరిగిందో నేను వివరంగా చెప్పాను. ఎక్కడ ఏ మాట మిగిలిపోయిందో కూడా చెప్పాను. నాయన అంతా విన్నాడు.

“అన్ని రాసుకున్నావు గదరా. ఒకతూరి తెరిచి చూడాలని రాసుకోలేదా?”

రాసుకోలేదు.

మళ్లీ గీయడానికి కూర్చుంటే ఆయనకు నాలుగే గుర్తొచ్చాయి. అవి గీశాక, స్కాన్ చేసి పెడతానన్నాను. ఆయన వాటిని చుట్టి చంకలో పెట్టుకుని, పని అడగడానికి అంగళ్ల వైపు నడిచాడు.