నా గీతా, నిడుగల్లు గొర్రెలూ

ఆ రోజుల్లో వాదించడానికి మనిషి దొరికితే చాలు, నాకు అన్నం అక్కర్లేదు. జాతకాల మీద, ముహూర్తాల మీద పావగడలో నేను విరుచుకుపడని టీకొట్టు లేదు (ఒక కొట్టాయన నన్ను చూడగానే టీవీ గొంతు పెంచేవాడు). అలాంటి నాకు తొలి ఉద్యోగం, పక్షవాతం వచ్చినవాళ్లు ఎన్నాళ్లు బతుకుతున్నారో లెక్కగట్టే పరిశోధనలో దొరికింది. నేను ఇళ్లకు వెళ్లి వివరాలు రాసుకొస్తే, వాటితో కంప్యూటర్ ఒక గీత గీసేది. నెలలు గడిచేకొద్దీ నూరుమందిలో ఎంతమంది మిగులుతారో చూపుతూ ఆ గీత మెట్లు మెట్లుగా దిగేది. మాత్రలు మానకుండా వేసుకునేవాళ్ల గీత పైన, మానేసినవాళ్లది కింద.

పావగడ తాలూకా నిడుగల్లులో గొర్రెల మామ (ఊరంతా అలాగే పిలిచేది) కుడిచెయ్యి పడిపోయి, కాస్త కోలుకోగానే మాత్రలు మానేశాడు. ఎనభై ఏళ్లదాకా ఢోకా లేదని జోస్యుడు చెప్పాడట. నాకు పండగే. లాప్‌టాప్ తెరిచి, సోలార్ పార్కు వచ్చిన తాలూకాలో ఇంకా జోస్యాలేమిటని మొదలుపెట్టి అరగంట దంచాను. మామ గొర్రెపిల్ల మెడ గోకుతూ విన్నాడు. అంతా అయ్యాక ఆయన భార్య అడిగింది.

"బాగుండాదిలే నాయనా. ఈ గీతలో మా ఆయప్ప యాడుండాడు?"

నూరుమంది సంగతి చెప్పగలను గానీ ఒక్కరి సంగతి చెప్పలేనని నసిగాను. "అట్లయితే జోస్యుడే మేలప్పా, ఆయన నా ఒక్కనికే చెప్పినాడు," అని మామ నవ్వాడు. నా పరువు మందలో కలిసిందనుకుంటుండగా అత్త ఆయన వైపు తిరిగింది.

"వానలు పడితే మందలో పదో పరకో పోతాయని నీకు తెలుసు. ఏది పోతాదో తెలుసా? తెలీకనే కదా అన్నిటికీ నట్టల మందు తాపేది. నువ్వేమన్నా వాటికంటే తెలివైనోనివా? నోరు తెరువు."

మామ కాసేపు మంద వైపు చూశాడు. తర్వాత బుద్ధిగా నోరు తెరిచాడు. అత్త గొర్రెకు పట్టినట్టే దవడ పట్టుకుని మాత్ర వేసి, నీళ్లు తాపింది.

మరుసటి ఏడు వెళ్లేసరికి మామ ఇంట్లో లేడు. కర్ర ఊతంతో మంద వెంట పోయాడట. 'బతికి ఉన్నారు' అన్న గడిలో టిక్కు పెట్టాను (మాత్రల వల్లే అని ఒక్కరి విషయంలో చెప్పకూడదు, అప్పటికి నాకూ ఆపాటి బుద్ధి వచ్చింది). ఆఫీసులో మాత్రం, నా తర్కానికి మామ లొంగిపోయాడని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడు, అప్పటి నాలోని ఆ కుర్రాడు గుర్తొస్తే కోపం రాదు. చెవి మెలిపెట్టబోయి, నవ్వొచ్చి వదిలేస్తాను.