సొంత క్యాంపస్‌లో అతిథి జట్టు కోచ్‌గా

భూటాన్‌లో నేను శిక్షణ ఇచ్చే అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు పోయిన సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. సీజన్ ముగిశాక క్లబ్ అధ్యక్షుడు నన్ను పిలిచి, కాంట్రాక్టు పొడిగించేదీ లేనిదీ ఇంకో మ్యాచ్ చూశాకే చెబుతానన్నారు. ఆ మ్యాచ్ ఎవరితో ఆడాలో మాత్రం నన్నే నిర్ణయించుకోమన్నారు. పక్క లోయలో తేలికైన జట్టును వెతుక్కోవచ్చు. నేను హైదరాబాద్ పేరు చెప్పాను. తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో నేను ఆట నేర్చుకున్నాను. అక్కడి అమ్మాయిలు గట్టిగా ఆడతారు. అలాంటి వాళ్లతో ఆడితే తప్ప మా పిల్లలు ఎంతవరకు వచ్చారో ఎవరికీ తెలియదు. అలా మార్చి మొదట్లో పదహారు మంది అమ్మాయిలు, మా మేనేజర్ పేమా, నేను బయల్దేరాం.

నా గురించి రెండు మాటలు. మాది కడప. నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం కావడంతో తార్నాకలోనే పెరిగాను. కోచింగ్ లైసెన్సు తీసుకున్నాక మల్కాజ్‌గిరిలో ఓ ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేరాను. అక్కడ ఆటల పీరియడ్ వచ్చినప్పుడల్లా లెక్కల సారు ముందే క్లాసులో ఉండేవారు. పెద్ద జట్లకు దరఖాస్తు చేస్తే, "మగపిల్లలు మీ మాట వింటారా?" అనేది మొదటి ప్రశ్న. అదే ప్రశ్న మూడోసారి విన్న రోజున బయటి దేశాలకు దరఖాస్తులు పంపడం మొదలుపెట్టాను. మాల్దీవుల్లో ఓ దీవి బడిలో అబ్బాయిలకు నేర్పాను. వాళ్లు నా మాట శుభ్రంగా విన్నారు. తర్వాత భూటాన్ వచ్చాను. ఇప్పటికి మూడేళ్లు.

మాలాగే రావాలనుకునేవాళ్ల కోసం దారి చెబుతాను. మా క్లబ్ ఉన్న పారో నుంచి బస్సులో సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్ చేరుకుని, దాటి మన వైపున్న హాసీమారాలో రైలెక్కాం. పొద్దున సియాల్దాలో దిగి, హౌరాకు వెళ్లి సికింద్రాబాద్ రైలు పట్టుకున్నాం. సికింద్రాబాద్ స్టేషన్ బయటే మెట్రో ఉంది. మెట్టుగూడ తర్వాత తార్నాకే. మనిషికి ఆటో చార్జీలో సగం కూడా కాదు. కానీ మా బంతుల సంచులు, కిట్లు మెట్రోలో పట్టవు కాబట్టి వాటిని రెండు ఆటోల్లో వేసి, కొందరు పిల్లల్ని తోడు కూర్చోబెట్టాం. నేనెక్కిన ఆటో డ్రైవర్ అద్దంలోంచి వెనక కూర్చున్న పిల్లల్ని చూస్తూ అడిగాడు.

"ఏ దేశం మేడమ్ వీళ్లది? నేపాలా?"

"భూటాన్."

"భూటానా! గాడ ఫుట్‌బాల్ ఆడ్తరా?"

"హైదరాబాద్‌లో ఆడతారా అని వీళ్లు నన్ను అడిగారన్నా."

అతను గట్టిగా నవ్వి, దిగేటప్పుడు సంచులన్నీ తనే లోపల పెట్టి వెళ్లాడు.

మెయిన్ రోడ్డు వెనక సందులో బస. పక్కనే, నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన లక్ష్మక్క మెస్సు. మర్నాడు పొద్దున ఇడ్లీ, ఉప్మా పెడుతూ ఆమె పిల్లల కోసం చట్నీలో కారం తగ్గించానని చెప్పింది. మా కెప్టెన్ సోనమ్ ఒక ముద్ద తిని, పచ్చిమిరపకాయలు ఉన్నాయేమో అడగమంది. వాళ్ల ఇళ్లలో మిరపకాయలే కూర అని నేను చెబితే లక్ష్మక్క నమ్మలేదు. గిన్నెడు తెచ్చి పెట్టింది. అమ్మాయిలు కరకరా నమిలేశారు.

"ఏంది శైలజా, గిదేం తిండి! గీళ్లతోని మనోళ్లు గెలుస్తరా?" అంది.

క్యాంపస్ అమ్మాయిలు గెలుస్తారని నాకు తెలుసు. నా దిగులంతా అదే.

క్యాంపస్ మైదానానికి అక్కడి నుంచి ఇరవై అయిదు నిమిషాల నడక. ఎండెక్కకముందే పిల్లల్ని తీసుకెళ్లి, కాళ్లు కదిలేలా కాసేపు పరుగెత్తించాను. వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఆగి చూస్తున్నారు. వాళ్లలోంచి టోపీ పెట్టుకున్న యాదగిరి సార్ ముందుకొచ్చారు. నాకు ఆట నేర్పింది ఆయనే. సాయంత్రం నాకు ఎదురుగా నిలబడే జట్టుకు కోచ్ కూడా ఆయనే.

"మంచిగున్నవా శైలూ? నీ పిల్లలు ఉరుకుడు మంచిగ ఉరుకుతున్నరు. గని నీ ఆట నాకు ఎర్కే. నేను నేర్పిందే కదా."

"ఆ భయంతోనే రాత్రి నిద్ర పట్టలేదు సార్."

"భయమెందుకు? ఓడితే గీడనే ఉండిపో," అన్నారు నవ్వుతూ. ఆ మాట వెనక ఏముందో నాకప్పుడు తెలియలేదు.

సాయంత్రం నాలుగున్నరకు మ్యాచ్ మొదలైంది. గట్టు మీద అడిక్‌మెట్‌లోని అద్దె రూముల నుంచి వచ్చిన విద్యార్థులు కూర్చున్నారు. ఎండ ఇంకా దిగలేదు. చల్లని లోయ నుంచి వచ్చిన మా పిల్లల ముఖాలు కాసేపటికే ఎర్రబడ్డాయి. సార్ చెప్పినట్టే జరిగింది. మా డిఫెండర్లు ముందుకు వెళ్లినప్పుడల్లా మా ఎడమవైపు, అంటే వాళ్లకు కుడివైపు, ఖాళీ పడేది. సార్ జట్టు బంతిని సరిగ్గా ఆ ఖాళీలోకే పంపేది. సార్ పక్కన నిలబడి, "కుడికి! కుడికి కొట్టుండ్రి!" అని అరుస్తున్న అసిస్టెంట్ అమ్మాయి మా ప్రతి తప్పునూ నాకంటే ముందే పట్టేస్తోంది. హాఫ్ టైమ్‌కు రెండు గోల్స్ వెనకబడ్డాం.

పిల్లలు నీడలో కూలబడ్డారు. పేమా చేతిలో ఫోన్ ఉంది. అధ్యక్షుడికి వీడియో పంపాల్సింది ఆమే.

"ఊపిరి ఆడట్లేదు మేడమ్," అంది సోనమ్. మేము మాట్లాడుకునేది హిందీలో.

మూడేళ్లుగా నేను వాళ్లకు నేర్పింది సార్ ఆటే. పొడుగు బంతి కొట్టు, దాని వెనక పరుగెత్తు. తార్నాకలో పెరిగిన మా కాళ్లకు అది సరిపోయింది. ఈ పిల్లలు పొట్టివాళ్లు, చురుకైనవాళ్లు, ఇరుకు మైదానాల్లో పెరిగినవాళ్లు. ఆ సంగతి నాకు రోజూ కనబడుతూనే ఉన్నా, నేర్చుకున్నది వదలడానికి మనసొప్పలేదు. ఇంక ఆగదలచుకోలేదు.

"పొడుగు బంతులు మానేయండి. దగ్గర దగ్గరగా నిలబడి, మీ ఊళ్లో సందుల్లో ఆడుకున్నట్టు ఒకరికొకరు ఇచ్చుకోండి. సోనమ్, నువ్వు మధ్యలోంచి ఎడమవైపుకు వెళ్లు."

"నిజంగానా మేడమ్?" అంది. ఆ ముఖంలో అలసట ఎటు పోయిందో!

రెండో సగంలో నేను చూసింది వేరే జట్టు. బంతి వాళ్ల మధ్య చకచకా తిరిగింది. ఎదుటి అమ్మాయిలు దాని వెంట పడి అలిసిపోవడం మొదలైంది. ఎడమవైపు ఖాళీ అసలు పడనే లేదు. ఎడమ మూల నుంచి సోనమ్ ఇద్దర్ని దాటుకుని లోపలికొచ్చి గోల్ కొట్టినప్పుడు గట్టు మీది విద్యార్థులు కూడా లేచి నిలబడ్డారు. బయటి మైదానంలో మా జట్టు గోల్ కొట్టడం అదే మొదటిసారి. చివర్లో ఇంకో షాట్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. రెండు, ఒకటి. ఓడిపోయాం.

మంచినీళ్ల దగ్గర సార్ నన్ను పక్కకు పిలిచారు. ఈసారి నవ్వడం లేదు.

"రెండో సగంల ఆడింది నా ఆట కాదు."

"కాదు సార్."

"మంచిగున్నది. ఇగో, జూన్‌ల రిటైర్ అయితున్న. నా జాగల ఎవరుండాల్నో నన్ను కూడా అడుగుతరు. నీ పేరు చెప్త. అప్లై చెయ్. ఎంత కాలం పరాయి దేశాల తిరుగుతవ్?"

ఒకప్పుడు నేను అడిగి అడిగి అలసిపోయిన అవకాశం అది. భూటాన్‌లో నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా తెలియదు. అటు చూస్తే, ఓడిపోయిన మా పిల్లలు ఏడవడం లేదు. ఆ స్తంభానికి తగిలిన షాట్ ఎలా కొట్టి ఉండాల్సిందో ఖాళీ సీసాలు నేల మీద పేర్చి గట్టిగా వాదించుకుంటున్నారు. వాళ్ల అసలు ఆట మొదలైంది ఈ రోజే.

"ఇప్పుడు రాలేను సార్. ఆ పిల్లలతో నా పని ఇవాళే మొదలైంది."

"ఆలోచించుకో. మళ్ల దొరకదు."

"మీ పక్కన నిలబడి అరిచిన అమ్మాయి ఉంది కదా సార్, మా ఖాళీ మొదట చూసింది ఆమే. ఆమె పేరు చెప్పండి. కోచ్ కావడానికి ఆమె కూడా నాలాగా దేశం దాటాల్సిన పని లేకుండా చూడండి."

సార్ ఆ అమ్మాయి వైపు తిరిగి చూశారు. ఆమె బంతులు లెక్కపెట్టి సంచిలో వేసుకుంటోంది. "సరే, చెప్త," అన్నారు. చెప్పిన మాట తప్పే మనిషి కాదు.

తర్వాత పేమా దగ్గరికి వెళ్లాను. "ఓడిపోయామని చెప్పండి. కానీ వీడియో పంపేటప్పుడు రెండో సగం మొత్తం పంపండి, ఒక్క గోల్ ముక్కే కాదు," అన్నాను. ఆమె నా ముందే పంపింది. లక్ష్మక్క మెస్సులో అందరం అన్నం తింటుండగా అధ్యక్షుడి జవాబు వచ్చింది. కాంట్రాక్టు రెండేళ్లు పొడిగించమని నేను అడిగితే ఒక్క ఏడాదే ఇచ్చారు, అదీ వచ్చే సీజన్‌లో గెలుపులు చూపించాలన్న షరతుతో. పేమా చదివి వినిపించి నా ముఖంలోకి చూసింది.

"చాలు," అన్నాను. సోనమ్ నా పళ్లెంలో ఒక పచ్చిమిరపకాయ వేసింది. తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగితే కారం వల్లేనని అందరికీ చెప్పాను.

బయటి దేశంలో కోచ్‌గా బతకడమంటే ఎప్పుడూ ఏడాది ఒప్పందం మీద బతకడం. ఎక్కడికి వెళ్లినా అతిథి జట్టు వైపు కూర్చోవడం. సొంత ఊరికి వచ్చి అదే వైపు కూర్చుంటే మనసు చివుక్కుమంటుందనుకున్నాను. మొదటి సగంలో అనిపించింది కూడా. రెండో సగంలో నేను ఏ ఊళ్లో ఉన్నానన్నదే గుర్తు రాలేదు. ఆటను నాకు ఈ క్యాంపస్ ఇచ్చింది, దాన్ని మార్చుకునే ధైర్యం ఆ లోయ పిల్లలు ఇచ్చారు. ఎవరికి ఎంత రుణపడ్డానో ఇప్పుడు తేల్చుకోను. నాకు ఒక ఏడాది ఉంది, పదహారు మంది ఉన్నారు. గెలవాలి.

చల్లటి కొండ ప్రాంతాల నుంచి ఇక్కడికి జట్టును తెచ్చేవాళ్లకు ఒక్క సలహా: మాలాగా ముందు రోజు దిగకండి. కనీసం మూడు రోజుల ముందే వచ్చి, రోజూ సాయంత్రం మ్యాచ్ వేళకే సాధన చేయించండి. ఎండకు అలవాటుపడిన జట్టుకు మొదటి సగం కూడా చేతిలో ఉంటుంది.