తిరగని డిస్కుకేం కాదన్నారు

"అందులో తిరిగే ముక్కే లేదు మేడం, పాడవడానికేముంది?" అన్నాడు విశాఖ నుంచి వచ్చిన సర్వీసు ఇంజినీరు. ఆ మాటకి మా కరస్పాండెంటు గారు పొంగిపోయారు.

చీపురుపల్లిలో దిగి ఆటోలో వెళ్ళాల్సిన ప్రైవేటు కాలేజీ మాది. కంప్యూటర్ ల్యాబు నా చేతిలో ఉండేది. సెలవు రోజుల్లో దాన్ని ఆన్‌లైన్ పరీక్షలకు అద్దెకిచ్చేవాళ్ళు. పరీక్ష రాసేవాళ్ళు నొక్కిన ప్రతి జవాబూ అద్దాల గదిలో ఉన్న చిన్న సర్వరులోకి వెళ్ళేది. దాని నకలు మధ్యమధ్యలో పక్కనున్న రెండో సర్వరుకి చేరేది. ఆ ఏడాది మొదటిదానికి తిరిగే భాగాల్లేని కొత్తరకం డిస్కు, ఎస్ఎస్‌డి, వేయించారు, రెండోదానికి పాత హార్డ్ డిస్కే ఉంచారు. ఆ పాతది మా మేనత్తలాగా పొద్దస్తమానం సణిగేది. దాని గోల భరించలేక ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

అద్దాల గదిలో యూపీఎస్ పాయింటు ఒక్కటే ఖాళీగా ఉంది. "కరెంటు పోతే దెబ్బ తగిలేది తిరిగేదానికే. పాయింటు దానికిచ్చేయండి, కొత్తదానికేం కాదు" అంటూ ఇంజినీరు కొత్త సర్వరు ప్లగ్గు మామూలు గోడ పాయింటులో గుచ్చేశాడు. ఇంకో పాయింటు వేయించండి సార్ అని నేను అప్పుడే మొత్తుకున్నాను. "నీకన్నీ అనుమానాలేనమ్మా" అన్నారు కరస్పాండెంటు గారు. ఒళ్ళు మండినా ఊరుకున్నాను.

ఎండాకాలంలో ఒక సర్కారు ఉద్యోగానికి పరీక్ష పడింది. గేటు దగ్గర ఒకామె చంకలో పిల్లని వాళ్ళమ్మకిచ్చి లోపలికి వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరట, కోటబొమ్మాళిలో పాసింజరెక్కి వచ్చిందట. భర్త గుజరాత్‌లో చేపల బోట్ల మీద పనిలో ఉన్నాడట. "వయసు దాటిపోతన్నాదండి, నాకిదే ఆకరు" అంది వేలిముద్ర వేస్తూ.

పరీక్ష సగం దాటాక ఆకాశం నల్లబడింది. మావైపు ఉరుము వినబడితే చాలు, ఇంట్లో మెయిన్ దించేస్తారు. మా అమ్మయితే అన్నం తింటున్నా లేచి దించేది. మా వాచ్‌మన్ బాబాయి కూడా అదే చేశాడు పాపం, మన మేలు కోరే. ఫ్యాన్లు ఆగిపోయాయి. ల్యాబు కంప్యూటర్లు యూపీఎస్ మీద వెలుగుతున్నాయి గానీ అన్ని తెరల మీదా సర్వరు అందడం లేదని పడింది.

"బాబాయ్, మెయిన్ ఎత్తు!" అని వరండాలోంచి అరిచాను.

"ఉరుముతన్నాది తల్లీ! పిడుగు పడితే నీ డబ్బాలన్నీ మాడిపోతాయి!"

"నువ్వెత్తుతావా, నన్నొచ్చి ఎత్తమంటావా?"

ఎత్తాడు. సర్వరు లేస్తుండగానే ఇంకో ఉరుము ఉరిమింది. భయపడి మళ్ళీ దించాడు. నేను మళ్ళీ అరిస్తే మళ్ళీ ఎత్తాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా డిస్కే లేదంటుంది సర్వరు. ఒక మూలుగు లేదు, చప్పుడు లేదు. పొద్దున్న నిక్షేపంలా ఉన్నది గుటుక్కుమంది. తిరగకపోతేనేం, అది లోపల రాసుకుంటూనే ఉంటుందనీ, రాస్తున్నప్పుడు కరెంటు తీసేస్తే ఎక్కడేముందో దానికే తెలియకుండా పోతుందనీ తర్వాత ఎవరో చెప్పారు.

ఇక మిగిలింది ఆ సణిగే డిస్కు. అదీ అప్పుడే టక్కు టక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మూలిగే నక్క మీద తాటికాయంటే ఇదే అనుకున్నాను. ఇవతల ల్యాబులో కుర్రాళ్ళు పరీక్ష రద్దు చేసి ఇంకోరోజు పెట్టమని గోల చేస్తున్నారు. అప్పుడా పిల్లతల్లి లేచి నిలబడింది.

"మల్లీ పెడితే ఇయ్యే ప్రశ్నలిస్తారేటి?"

ఆమె నా వైపు తిరిగింది.

"నానీసారి బాగా రాసినాను మేడం. సదివినయ్యే పడ్డాయి. నా జవాబులెక్కడున్నాయి?"

"పక్క పెట్టెలో భద్రంగా ఉన్నాయమ్మా" అన్నాను. ఉన్నాయో లేవో నాకే తెలీదు.

పరీక్ష కంపెనీ వాడు ఫోన్లో, "రెండో సర్వరు ఒకసారి ఆపి, ఆన్ చేసి ల్యాబుని దానికి కలపండి" అన్నాడు.

"ఆపను" అన్నాను. అలా కొట్టుకునే డిస్కుల్ని నేను చూశాను. తిరుగుతున్నంతసేపూ తిరుగుతాయి, ఒకసారి ఆగితే లేవవు.

"ప్రొసీజర్ అదే మేడం."

"నీ ప్రొసీజరు తగలెయ్య! ఇది ఆగితే ఇంతమంది జవాబులూ పోతాయి. తిరుగుతుండగానే కలిపే దారి చెప్పు."

గొణుక్కుంటూనే చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు కొట్టాను. తెరలు ఒక్కొక్కటే వెలిగాయి. ఆమె మౌసు పట్టుకుని తన జవాబులన్నీ పైనుంచి కిందికి చూసుకుంది. "ఆకరివి కొన్ని లేవు, మల్లీ పెట్టేస్తాను" అని తల వంచి రాతలో పడింది. నేను అద్దాల గదిలో ఆ డిస్కు పక్కనే కూర్చున్నాను. నా బతుకులో ఏ చప్పుడూ అంత శ్రద్ధగా వినలేదు. ఉరుముల మధ్య గేటు దగ్గర పసిపిల్ల ఏడుపు కూడా వినబడుతోంది.

టైమైపోయింది. అందరూ వెళ్ళిపోయారు. జవాబులు ఇంకా కంపెనీకి చేరాలి. పాత డిస్కు ఆగి ఆగి చదువుతోంది, ఎన్ని వెళ్ళాయో చూపే లెక్క ముందుకి కదలడం లేదు. ఆమె మాత్రం కుర్చీలోంచి లేవలేదు. దగ్గరికెళ్తే తెలిసింది, పాలు కారి జాకెట్టు తడిసి ముద్దయింది.

"పిల్ల గుక్కపట్టి ఏడుస్తోందే! వెళ్ళి పాలియ్యి, ఇదంతా నేను చూసుకుంటాను" అన్నాను.

"ఎల్లిపోయినాయని సెప్పండి, లెగుస్తాను."

"ఎంతసేపవుతుందో నాకే తెలీదమ్మా."

"పాలు మల్లీ వస్తాయి మేడం. ఈ పరీక్ష నాకు మల్లీ రాదు."

వెనక్కొచ్చి తెర ముందు నిలబడ్డాను. డిస్కు ఒకసారి గట్టిగా గీరుకుని ఆగినట్టే ఆగింది, మళ్ళీ కదిలింది. చివరికి అన్నీ చేరినట్టు తెర మీద పడింది.

"వెళ్ళిపోయాయమ్మా!" అని అక్కణ్ణుంచే కేకేశాను.

లేవబోయి, బల్ల పట్టుకుని కూలబడి భోరున ఏడ్చింది. వానలో తడుస్తూ గేటు దాకా నేనే పరుగెత్తాను. ఆ పిల్లని కొంగులో చుట్టి పరీక్ష హాల్లోకి ఎత్తుకొచ్చి ఆమె ఒళ్ళో పడుకోబెట్టాను.