వెన్న తాగిన కాగితం

మా అత్త పుట్టిల్లు బైరకూరు. పెళ్లప్పుడు ఆమె వెంట కోలారుకు వచ్చిన సామాన్లలో ఇప్పటికీ మిగిలినది ఒక్కటే, చేత్తో రాసి, చేత్తో బొమ్మలు వేసిన కృష్ణలీలల పుస్తకం. ఎన్ని తరాల నాటిదో ఎవరికీ తెలియదు. మా బట్టల అంగడి నుంచి తెచ్చిన ఎర్ర గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టి ఉంటుంది.

అందులో ఒక కాగితం మీద, ఇటుక రంగు నేలపై, బాలకృష్ణుడు ఉట్టి కింద కూర్చుని ఉంటాడు. ప్రతి కృష్ణాష్టమి సాయంత్రం అత్త ఆ బొమ్మ మూతికి చిటికెడు వెన్న పూసేది. పొద్దున చూస్తే వెన్న ఉండేది కాదు.

"చూడమ్మా, చుక్క మిగల్చలే. అంతా తినేసినాడు," అని నన్ను పిలిచి చూపించేది.

నేను బడిలో సైన్సు టీచరును. కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే నాకు తెలిసిపోయింది, ఆ వెన్న తాగుతున్నది కాగితమని. బోండాలు కట్టిన పేపరు చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. తప్పు కనబడితే నా నోరు ఊరుకోదని బడంతా ఎరుగుదురు. అయినా ఆ పొద్దున అత్త ముఖం చూశాక, ఇరవై ఏళ్లకు పైగా ఈ ఒక్క విషయంలో నోరు కుట్టేసుకున్నాను. ఆమె సంతోషం నా సైన్సు వల్ల పోకూడదు, అంతే.

పోయిన ఏడాది పుస్తకం అంచులకు పురుగు పట్టింది. పాత కాగితాలు బాగుచేసే అమ్మాయిని బెంగళూరు నుంచి నేనే పిలిపించాను. టమాటా లారీల వెనక బస్సు చిక్కుకుని పాపం చాలా ఆలస్యంగా వచ్చింది. దారం విప్పి ఒక్కో కాగితమే చూస్తూ కృష్ణుడి బొమ్మ దగ్గర ఆగింది. మూతి చుట్టూ అరచేయంత మరక.

"ఇదేమి ఆంటీ, జిడ్డు మాదిరి ఉండాదే?"

"జిడ్డు కాదమ్మా, ఆయప్ప తినిన గుర్తు," అంది అత్త. "నేను పూస్తాను, తెల్లారేసరికి తినేస్తాడు."

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. అత్త వెనక నిలబడి నేను ఎన్ని సైగలు చేసినా చూడదే. ఇక లాభం లేదని ఒబ్బట్టు పళ్లెం ఆమె ముందుకు తోశాను.

"అయ్యో, నెయ్యి ఆంటీ. కాగితం దగ్గర పెట్టొద్దండి, తాగేస్తాది," అని ఆమె పళ్లెం పక్కకు జరిపింది. కొరివితో తల గోక్కున్నట్టయింది నాకు.

అదృష్టం, ఆమె ధ్యాస మళ్లీ బొమ్మ మీదికి పోయింది. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. మరక పడిన చోట వెలుతురు దూరి, కాగితం వెనక వైపు సన్నటి గీతలతో వేసిన యశోద ఇవతలికి కనబడింది. సరిగ్గా కొడుకు వీపు వెనకే, చేతిలో బెత్తంతో.

అత్త కళ్లద్దాలు పెట్టుకుని చూసి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "తల్లికి తెలీకుండా యాడ తింటాడు? ఇన్ని దినాలూ ఆయమ్మ వెనకే ఉండాది చూడు."

అప్పటికి ఆ అమ్మాయి నా సైగలు చూసింది. మరక తీయనని, ఇకమీదట బొమ్మకు మాత్రం వెన్న పూయొద్దని అత్తకు మెల్లగా చెప్పింది. "ఇంగ గిన్నెలో పెట్టండమ్మా."

అత్త సరేనంది. నాకు అసలు దిగులు అప్పుడు మొదలైంది. కాగితం తాగుతుంది గానీ వెండి గిన్నె తాగదు కదా.

ఈ ఏడాది అష్టమి సాయంత్రం పుస్తకం ముందు గిన్నెడు వెన్న పెట్టింది. పొద్దునకు ఆ వెన్న అట్లే ఉంటే ఆమె మనసు ఏమైపోతుందో అని నాకు ఒకటే బెంగ. తెల్లారి ఆమె స్నానానికి పోయిన సందు చూసి, గిన్నె తీసుకుని వెన్నంతా నోట్లో వేసుకున్నాను. తిరిగి చూస్తే గడపలో అత్త, తలకు తడి గుడ్డ, నడుం మీద చెయ్యి.

నోటి నిండా వెన్న.

ఆమె గిన్నెను చూసింది, నన్ను చూసింది.

"ఇన్నేండ్లూ కాగితం తాగతా ఉండె. ఇప్పుడు నువ్వా? మూతి తుడుచుకో అమ్మా, ఇస్కూలుకు పొద్దుపోతాది."